టైంటేబుల్ మూడునాళ్ళ ముచ్చటే అవుతోంది, లోపం ఎక్కడ?

తీరికలేదు_42
ప్రతి ఆదివారం రాత్రి వారం మొత్తానికి టైంటేబుల్ వేస్తాను. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా అరగంట గళ్ళు, ఒక్కటీ ఖాళీ ఉండదు. సోమవారం బాగానే నడుస్తుంది. మంగళవారం మధ్యాహ్నానికి రెండు గళ్ళు వెనకబడతాను. బుధవారం ఆ కాగితం కేసే చూడను. రోజుకి 14 పనులు రాస్తే 5 దాటవు. లేవగానే మెసేజీలు, మెయిళ్ళు తేల్చేసి, చిల్లర పనులన్నీ అయ్యాక 11:30కి పెద్ద పని పట్టుకుంటాను. సాయంత్రం 4 అయ్యేసరికి టైము ఉన్నా ఓపిక ఉండదు, ఒకే పేరా మూడుసార్లు చదువుతుంటాను. నిద్ర ఆరు గంటలు, అది చాలుతోంది. ఇంకా పెందరాళే లేవాలా? మంచి యాప్ ఏదైనా ఉందా?

సోంబేరి_సంఘం
యాప్ వెతకడానికి ఒక గడి కేటాయించారా లేదా?

గడియారంముల్లు
యాప్ సంగతి తర్వాత. మీరు రాసినదాంట్లోనే నాలుగు లోపాలు ఉన్నాయి: ఖాళీ గడి లేకపోవడం, చేంతాడంత లిస్టు, బుర్ర చురుగ్గా ఉండే పూటని మెయిళ్ళకి ధారపోయడం, ఆరు గంటల నిద్ర. టైంటేబుల్ కూలిపోయేది మాత్రం మొదటిదాని వల్లే. 32 గళ్ళకి 32 నిండి ఉంటే ఒక పని 20 నిమిషాలు సాగినా వెనకున్నవన్నీ జరగాలి. జరగడానికి చోటేది?

లెక్కల_మాస్టారు
దీనికి లెక్క ఉంది. పనులు ఎప్పుడు వచ్చి పడతాయో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందు తెలియదు, చేసేది ఒక్కరే అనుకోండి. కొత్తగా వచ్చిన పని తన వంతు కోసం సగటున ఎంతసేపు ఆగాలి? నిండిన శాతాన్ని మిగిలిన శాతంతో భాగించి, సగటు పని సమయంతో గుణించాలి. రోజు 50% నిండి ఉంటే ఒక పని పట్టేంత సేపు. 80% నిండితే 80/20, నాలుగు పనులంత. 90%కి తొమ్మిది, 95%కి పంతొమ్మిది. సగటు పని అరగంటదైతే 80% దగ్గర ఆగాల్సింది 2 గంటలు, 95% దగ్గర తొమ్మిదిన్నర గంటలు. 80 నుంచి 95కి పోతే చేసే పని పెరిగింది ఐదో వంతు కూడా కాదు, ఆలస్యం మాత్రం ఐదింతలకి దగ్గరైంది.

కోడు_కూలీ
మాస్టారూ, టైంటేబుల్లో పనులు ఎటుపడితే అటు వచ్చి పడేవి కాదు కదా, మనమే వరసగా పేర్చుకున్నవి. ఆ సూత్రం కాల్ సెంటర్లకి సరిపోతుంది.

లెక్కల_మాస్టారు
నిజమే. రాక క్రమంగా ఉంటే, నిండుగా ఉన్న రోజుల్లో ఆగే సమయం ఇంచుమించు సగం అవుతుంది. అంకెలు తగ్గుతాయి గానీ గీత వంపు మారదు, 100కి దగ్గరయ్యేకొద్దీ నిట్టనిలువుగా లేస్తుంది. అయినా ఆయన రోజులో మనం పేర్చనివి ఎన్ని వచ్చి పడతాయో మీకు తెలియదా?

గడియారంముల్లు
అందుకే 8 గంటల పని రోజుకి 5 గంటలు, మహా అయితే 5:30 మించి రాయకూడదు. మిగతాది వెసులుబాటు. ఆ ఖాళీ అంతా సాయంత్రానికి తోసేయకండి. పూటకొక ముక్కగా, పొద్దున పెద్ద పని అయ్యాక 30 నిమిషాలు, మధ్యాహ్నం 45 నిమిషాలు పెట్టండి. జారిన పని అదే పూట సర్దుకుంటే రెండో పూట శుభ్రంగా మొదలవుతుంది. ఖాళీ అంతా చివర్లో పెడితే రోజంతా వెనకబడ్డట్టే ఉంటుంది, అది చూసే బుధవారానికి చేతులెత్తేస్తున్నారు.

తీరికలేదు_42
మూడు గంటలు ఖాళీగా వదిలేస్తే మనసొప్పదండీ. సోమరితనంలా ఉంటుంది.

సోంబేరి_సంఘం
మమ్మల్ని అవమానించకండి. మాది ఎనిమిదికి ఎనిమిదీ ఖాళీ.

నిద్రగన్నేరు
అందరూ గళ్ళ మీద పడ్డారు గానీ అసలు మాట వదిలేశారు. "ఆరు గంటలు చాలుతోంది." 2003లో ఒక ప్రయోగం అచ్చయింది. 14 రోజులపాటు రోజుకి ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకోనిచ్చిన వాళ్ళలో ఏకాగ్రత, జ్ఞాపకం రోజురోజుకీ దిగజారుతూ పోయాయి. చివరికి రెండు రాత్రులు కంటిమీద కునుకు లేనివాళ్ళ స్థాయిదాకా వెళ్ళాయి. అసలు చిక్కు ఏమిటంటే, మగతగా ఉందా అని అడిగితే మొదటి రోజులకీ చివరి రోజులకీ వాళ్ళ జవాబులో పెద్ద తేడా లేదు. అలుపు తెలియడం ఆగిపోతుంది, తప్పులు ఆగవు. మూడుసార్లు చదివే ఆ పేరా అదే. పెద్దవాళ్ళకి కనీసం 7 గంటలు అని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2015లో చెప్పింది.

మీకెంత కావాలో తేలాలంటే సెలవుల్లో నాలుగు రోజులు అలారం లేకుండా, ఒకే వేళకి పడుకోండి. మొదటి రెండు రోజులు పాత బాకీ తీరుతుంది, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. మూడు, నాలుగు రోజుల సగటు మీ అసలు అవసరానికి దగ్గరగా ఉంటుంది.

తీరికలేదు_42
అంటే పెందరాళే లేవడం?

నిద్రగన్నేరు
పడుకునే వేళ మారకుండా 6కి బదులు 5కి లేస్తే మీకు దొరికేది ఒక గంట కాదు, ఐదు గంటల నిద్ర. ముందు ఇంకాస్త పెందరాళే పడుకోవడం మొదలుపెట్టండి, మూడు నాలుగు రోజులకి ఒకసారి 15 నిమిషాల చొప్పున. ఒకేసారి గంట జరిపితే నిద్ర పట్టదు, మంచం మీద దొర్లడం అలవాటవుతుంది. లేచే వేళ మాత్రం సెలవు రోజుల్లో కూడా అరగంట మించి జారనివ్వకండి. లేచిన గంటలోపు 20, 30 నిమిషాలు ఆరుబయట ఉండండి. వెలుతురుని లక్సుల్లో కొలుస్తారు, ఇంట్లో లైటుది మామూలుగా కొన్ని వందల లక్సులు, మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది. శరీరంలో గడియారం సర్దుకునేది ఆ వెలుతురుతోనే.

రాత్రిషిఫ్టు
అందరికీ పొద్దున్నే చురుకు అని ఎవరు చెప్పారు? 11:30కి పెద్ద పని మొదలుపెట్టడం తప్పని అప్పుడే ఎలా తేల్చేశారు? కొందరికి రాత్రి 9కి గానీ బుర్ర వెలగదు.

గడియారంముల్లు
సరైన అడ్డు. 1976లో హోర్న్, ఓస్ట్‌బెర్గ్ అని ఇద్దరు 19 ప్రశ్నల పట్టిక తయారుచేశారు, ఎవరు ఉదయపు మనిషి, ఎవరు రాత్రి మనిషి అని తేల్చడానికి. అంత దూరం పోనక్కర్లేదు. పది రోజులు, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి ఫోన్ మోగేలా పెట్టి 1 నుంచి 5 దాకా ఒక అంకె వేసుకోండి. 1 అంటే కళ్ళు మూతపడుతున్నాయి, 5 అంటే కష్టమైన పని కూడా నడుస్తోంది. పక్కన రెండే మాటలు: ఏం చేస్తున్నాను, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాను. ఆరు గంటలకన్నా తక్కువ పడుకున్న రోజుల్ని తీసేసి మిగతావాటి సగటు చూడండి. వరసగా 4, 5 పడిన గంటలే మీ పెద్ద పనివి. ఎప్పుడైనా కానివ్వండి, అక్కడ మెయిళ్ళు మాత్రం వద్దు.

చేతిరాత
ఒక హెచ్చరిక. ఇష్టమైన పనిలో ఉంటే అంకె దానంతటదే 5 అవుతుంది. అందుకే "ఏం చేస్తున్నాను" అన్నది ముఖ్యం. ఆటలో వేసుకున్న 5ని చూసి రాత్రి 11ని పెద్ద పనికి కేటాయించేవాళ్ళు ఉంటారు.

సోంబేరి_సంఘం
పక్కింటి కెమెరాలోంచి చూసి చెప్తున్నట్టుంది.

బుడతడి_అమ్మ
రోజంతా మీ గుప్పిట్లోనే ఉన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. రెండేళ్ళ పిల్లాడున్న ఇంట్లో వరసగా 90 నిమిషాలు ఎక్కడివి? 15 నిమిషాలు దొరికితే అదే పండగ. పది రోజుల చార్టు చూసి "మీ చురుకైన గంట 10 నుంచి 12" అంటే నవ్వొస్తుంది, ఆ టైముకి స్నానాల కార్యక్రమం.

గడియారంముల్లు
తప్పు మాదే అమ్మా, ఒప్పుకుంటున్నా.

చేతిరాత
అలాంటి రోజుకి గంటల పట్టిక పనికిరాదు. పనుల్ని అర్జెంటా కాదా అని కాకుండా "పిల్లాడు మెలకువగా ఉంటే అవుతుందా, అవదా" అని రెండుగా విడదీయండి. బట్టలు మడవడం, గిన్నెలు, సామాన్లు సర్దడం, వాయిస్ మెసేజీలు మొదటి రకం. లెక్కలు, రాత, ఆలోచించి మాట్లాడాల్సిన ఫోన్లు రెండో రకం. వాడు పడుకోగానే చేయి గిన్నెల మీదికే పోతుంది, అక్కడే పోతోంది మొత్తం. ఉన్న ఒక్క నిశ్శబ్దపు గంట చేతి పనికి ఖర్చవుతోంది.

రెండో రకం పనుల్ని మళ్ళీ 10, 20, 40 నిమిషాల ముక్కలుగా రాసుకోండి. ముక్క అంటే "రిపోర్టు" కాదు, "రిపోర్టు రెండో పట్టికలో అంకెలు సరిచూడటం". సందు దొరికినప్పుడు ఏది చేయాలా అని ఆలోచించే పని ఉండకూడదు, ఆ ఆలోచనకే నాలుగైదు నిమిషాలు పోతాయి.

కోడు_కూలీ
దానికి తోడు, వదిలేసే ముందు ఒక చీటీ. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీనికి "ధ్యాస శేషం" లాంటి పేరు పెట్టారు. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి పోతే బుర్రలో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుంది, కొత్తది నెమ్మదిస్తుంది. మందు కూడా ఆవిడే చెప్పారు: లేచే ముందు ఒక్క నిమిషం, ఎక్కడ ఆగానో, తిరిగి రాగానే మొదట ఏం చేయాలో రాసి పెట్టడం. చీటీలో మూడు ముక్కలు చాలు. ఆగింది ఎక్కడ, తర్వాతి అడుగు ఏమిటి, తేలనిది ఏమిటి. "7వ వరస దాకా చూశాను, 8లో మొత్తం తప్పు, పాత ఫైలుతో పోల్చాలి." అంతే. "కొనసాగించాలి" అని రాస్తే రాయనట్టే.

బుడతడి_అమ్మ
పిల్లాడు ఏడుస్తుంటే ఒక్క నిమిషం చీటీ రాయాలంటారా 😄

కోడు_కూలీ
అప్పుడు ఫోన్‌లో వాయిస్ రికార్డు, ఐదు సెకన్లు. ఏడుపుతో సహా.

బుడతడి_అమ్మ
గిన్నెల మాట మాత్రం నిజం. దాన్ని మార్చి చూస్తాను.

వంకరగీత
ఇవన్నీ ఎందుకు, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు అయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో టమాటా బొమ్మ టైమరుతో మొదలుపెట్టాడు, ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

కోడు_కూలీ
కోడ్ రాసేవాడికి 25 నిమిషాలంటే అప్పుడే సమస్య తలకెక్కే వేళ. గంట మోగగానే లేస్తే మళ్ళీ ఎక్కించుకోవడానికి 15 నిమిషాలు. 50, 10 నయం.

వంకరగీత
గంట మోగగానే లేవమని ఎవరన్నారు? వాక్యం పూర్తి చేసి లేవండి.

గడియారంముల్లు
ఇద్దరిదీ వేరువేరు రోగం. పని మొదలుపెట్టడమే కష్టమైతే 25 మంచిది, 10 అయినా మంచిదే. మొదలెట్టాక ఆపలేని పనులకి 50 నుంచి 90. ఎంత పెట్టినా విరామంలో ఫోన్ చూస్తే విరామం కిందికి రాదు, అది ఇంకో పని. లేచి నడవండి, కిటికీ బయటికి చూడండి.

తీరికలేదు_42
సాయంత్రం 4 సంగతి ఎవరూ చెప్పలేదు. ఎక్కడో చదివాను, మనోబలం ట్యాంకులో నీళ్ళలాంటిదని, పొద్దున్నుంచీ వాడితే సాయంత్రానికి అయిపోతుందని. అదేనా?

వంకరగీత
అదే. 1998లో బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగం, చాలా పేరున్నది.

లెక్కల_మాస్టారు
పేరుంది గానీ నిలబడలేదు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేలమందికి పైగా మనుషుల మీద అలాంటి ప్రయోగం మళ్ళీ చేస్తే ప్రభావం దాదాపు సున్నా వచ్చింది. ఆయన మీద కోపమేం లేదు, ట్యాంకు బొమ్మని నమ్ముకుని రోజు ప్లాన్ చేయకండి అంటున్నాను.

వంకరగీత
మరి సాయంత్రానికి అందరూ నీరసపడేది అబద్ధమా?

నిద్రగన్నేరు
నీరసం నిజం, కారణం వేరు. మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య శరీర గడియారంలోనే ఒక పల్లం ఉంది. భోజనం మానేసినా వస్తుంది, ఎక్కువ తింటే ఇంకా లోతవుతుంది. నిద్ర తక్కువైతే ఆ పల్లం గొయ్యి అవుతుంది, ఈయనది అదే. దానికి తోడు మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, మగత తెచ్చేది అదే. కాఫీ దాన్ని తీసేయదు, అది కూర్చోవాల్సిన కుర్చీలో తను కూర్చుంటుంది. కెఫీన్ సగం దిగడానికి సుమారు 5 గంటలు, మనిషిని బట్టి ఎక్కువ తక్కువలు. 4కి 100 మిల్లీగ్రాములు పడితే రాత్రి 9కి 50, తెల్లవారుజామున 2కి 25 ఇంకా ఒంట్లోనే. పడకకి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇస్తే నిద్ర గంటకు పైగా తగ్గినట్టు 2013లో ఒక పరిశోధన చూపింది. అంటే సాయంత్రం 4కి తాగే కాఫీ ఈరోజు గొయ్యి పూడ్చడానికి రేపటి మట్టి తవ్వడం. చివరి కప్పు మధ్యాహ్నం 1 లోపు.

కునుకు తీసే వీలుంటే 3 లోపు, 15, 20 నిమిషాలకి అలారం పెట్టి. 45, 60 నిమిషాలు పోతే గాఢనిద్రలోంచి లేపినట్టవుతుంది, లేచాక అరగంట దాకా తల దిమ్ముగా ఉంటుంది. అప్పుడు "కునుకు నాకు పడదు" అంటారు. పడనిది కునుకు కాదు, దాని పొడవు.

రాత్రిషిఫ్టు
మా పల్లం తెల్లవారుజామున 3 నుంచి 5. లెక్క సరిచూడటం, మందుల మోతాదులు, మీటర్ రీడింగులు లాంటివి 2 లోపు అయిపోవాలి. తప్పక ఆ వేళే చేయాల్సి వస్తే ఇద్దరు చూడాలి, ఒకరు పైకి చదవాలి. కెఫీన్ షిఫ్టు మొదటి సగంలోనే. షిఫ్టులు మారుతుంటే పొద్దున, సాయంత్రం, రాత్రి అనే వరసలో ముందుకి జరగడం తేలిక, ఎందుకంటే శరీర గడియారం సగటున 24 గంటలకన్నా కాస్త పొడవు, ఆలస్యంగా పడుకోవడానికి తొందరగా ఒప్పుకుంటుంది. షిఫ్టు ఏదైనా రోజూ ఒక 4 గంటలు ఒకే వేళలో నిద్రపోయేలా కుదుర్చుకుంటే మిగతా 3 అటూఇటూ అయినా ఒళ్ళు తట్టుకుంటుంది.

చేతిరాత
తీరికలేదు గారూ, 4 తర్వాత ఓపిక లేదని కూర్చోనక్కర్లేదు. "అలుపు పనులు" అని వేరే కాగితం పెట్టుకోండి: ఫైళ్ళకి పేర్లు పెట్టడం, రసీదులు స్కాన్ చేయడం, తేలిక జవాబులు, రేపటి పనికి కావాల్సినవి బల్ల మీద పెట్టడం. ఆ వేళ చేయకూడనివి ఇంకో వరసలో రాయండి: డబ్బు పంపడం, సంతకాలు, కోపంగా రాసే జవాబు, కొత్త పనికి "సరే" అనడం. చివరిది అందరూ మర్చిపోతారు. అలిసినప్పుడు కాదనే ఓపిక ఉండక సరే అంటాం, వచ్చే వారం గళ్ళు అలాగే నిండుతాయి.

సోంబేరి_సంఘం
ఈ ఒక్క పోస్టు కోసం సంఘం సభ్యత్వం వదులుకోవచ్చు.

లెక్కల_మాస్టారు
14 పనుల్లో 5 అవుతున్నాయన్నది కూడా తేల్చేద్దాం. అంచనా ఎప్పుడూ పొట్టిగానే వస్తుంది, కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీన్ని ఎత్తిచూపారు. ముందు ఇలాంటి పనికి ఎంత పట్టిందో తెలిసినా ఈసారి తక్కువలో అవుతుందనుకుంటాం. ఒక వారం పది పనులకి ముందు అంచనా, తర్వాత పట్టిన సమయం పక్కపక్కన రాయండి. పట్టినదాన్ని అంచనాతో భాగించి పది అంకెల్నీ చిన్న నుంచి పెద్దకి పేర్చి, 5వ, 6వ అంకెల సగటు తీసుకోండి. మొత్తం సగటు వద్దు, ఒక్క పని బాగా సాగితే అది అంకె మొత్తాన్ని లాగేస్తుంది. 1.6 వచ్చిందనుకోండి, ఇకమీదట గంట అనుకున్నది 96 నిమిషాలు. చాలామంది మర్చిపోయేది మొదలుపెట్టే ముందు ఫైలు వెతకడం, అయ్యాక పంపడం, మధ్యలో ఎవరి జవాబు కోసమో ఆగడం. ఇవి కూడా పనిలోకే వస్తాయి.

కోడు_కూలీ
మెయిళ్ళు రోజుకి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున, పెద్ద పని అయ్యాకే మొదటిసారి. అర్జెంటు అంటే ఫోన్ చేస్తారు, ఆ నాలుగైదు నంబర్లకి మాత్రం శబ్దం ఉంచండి. మిగతావి కట్టేయండి. ఫోన్ బోర్లా పెడితే సరిపోదు, వేరే గదిలో.

వంకరగీత
రాత్రి మంచం ఎక్కాక చేయని పనులు తలలో తిరుగుతాయి కదా, దానికి?

చేతిరాత
పని ఆపే ముందు 10 నిమిషాలు. మిగిలినవాటిని ఊరికే రాస్తే సగమే. ఒక్కోదాని పక్కన రేపు ఎప్పుడు, మొదటి అడుగు ఏమిటి అని రాయాలి. ప్లాన్ వేసి పెట్టిన పని, అది ఇంకా అవ్వకపోయినా, మిగతా పనులకి అంతగా అడ్డురాదని 2011లో ఒక పరిశోధనలో తేలింది. ఆరంభశూరులకి కూడా ఇదే మందు. "రేపు రాత పని" కాదు, "పళ్ళు తోముకోగానే బల్ల దగ్గర కూర్చుని ఫైలు తెరిచి మూడో పేరా మొదటి వాక్యం".

తీరికలేదు_42
రేపటికి ఇలా వేశాను, చూడండి. మొదలుపెట్టడానికి ఇంతే, చార్టు పది రోజులు నడిచాక మారుస్తా.
7:00 లేవడం, బయట 20 నిమిషాలు
8:30–10:00 పెద్ద పని, ఫోన్ పక్క గదిలో
10:00–10:30 ఖాళీ
10:30–10:50 మెయిళ్ళు
11:00–12:00 రెండో పని (40 నిమిషాలు అనుకున్నది, 1.5తో గుణించా)
12:00–12:45 ఖాళీ, కుదిరితే బ్యాంకు పని
2:00–2:20 కునుకు
2:30–4:00 ఫోన్లు, మీటింగు
4:00–5:00 అలుపు పనులు
5:00–5:10 రేపటి చీటీ
11:00 పడక

నిద్రగన్నేరు
రాత్రి 11 నుంచి 7, ఎనిమిది గంటలు. కానీ మొన్నటిదాకా 12కి పడుకుని 6కి లేచేవాళ్ళు కదా. మొదటి మూడు నాలుగు రోజులు 11:45కే వెళ్ళండి, లేచే వేళ 7 ఖాయం.

రాత్రిషిఫ్టు
1.5 ఎక్కడిది? వారం కొలవకుండానే వచ్చేసిందా?

తీరికలేదు_42
ఊహించా.

లెక్కల_మాస్టారు
అంచనా తప్పులకి గుణకం కూడా అంచనాయేనా! సరే, మొదటి వారానికి పనికొస్తుంది.

గడియారంముల్లు
12:00–12:45 ఖాళీ అని రాసి పక్కనే "కుదిరితే బ్యాంకు పని" అన్నారు. అది ఖాళీ కాదు.

తీరికలేదు_42
కొట్టేశాను.